తెలిసిన మాటే అడ్డం పడినప్పుడు



ఎవరి పేరుమీద ఉపన్యాసం జరుగుతుందో ఆయన గురించి కాసేపు మాట్లాడి ఆ తర్వాత విషయంలోకి రావడం మన ఆనవాయితీ. ఈ ఉపన్యాసం ఇంగ్లిషు పాఠాలు చెప్పిన మన మాస్టారి పేరుమీద జరుగుతోంది, ఆయనకు పొగడ్త గిట్టదని ఇక్కడ చాలామందికి తెలుసు. అందుకని నేరుగా విషయానికి వస్తాను. కాలేజీ పుస్తకం చదివి అర్థం చేసుకోవడానికి ఎలాంటి ఇంగ్లిషు మాటలు కావాలి, అవి ఎలా పట్టుబడతాయి అన్నది ఈ రోజు అంశం.

ముందుగా ఒక వాక్యం వినండి. అర్థశాస్త్రం పుస్తకాల్లో ఈ తరహా వాక్యాలకు కొదవ లేదు. ‘ది అపారెంట్ కోరిలేషన్ డజ్ నాట్ ఎస్టాబ్లిష్ కాజేషన్, అండ్ ది ఆథర్స్ క్వాలిఫై దెయిర్ క్లెయిమ్ అకార్డింగ్లీ.’ ఇందులో పెద్ద మాటలు రెండు. కోరిలేషన్ అంటే సహసంబంధం, కాజేషన్ అంటే కార్యకారణ సంబంధం. ఈ రెంటినీ సబ్జెక్టు లెక్చరర్ బోర్డుమీద రాసి, నిర్వచనం చెప్పి, కింద గీత గీయిస్తారు. కాబట్టి వాటితో పేచీ లేదు. పిల్లలు బోల్తా పడేది మిగతా వాటి దగ్గర. ఎస్టాబ్లిష్ అంటే వాళ్లకు తెలిసింది కంపెనీ పెట్టడం. ఇక్కడ దాని పని రుజువు చేయడం. క్లెయిమ్ అనగానే ఇన్సూరెన్సు గుర్తొస్తుంది. ఇక్కడ అది ఒకరు చేస్తున్న వాదన. క్వాలిఫై సంగతి మరీ విచిత్రం. ఎంసెట్‌లో క్వాలిఫై అయినవాళ్లు మన ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఈ వాక్యంలో మాత్రం క్వాలిఫై చేయడమంటే తన మాటకు తానే హద్దు పెట్టుకోవడం, ‘ఇంతవరకే చెబుతున్నాను, దీన్ని దాటి లాగొద్దు’ అనడం. మొదటి ఏడాది పిల్లలకు ఈ వాక్యం ఇస్తే, రచయితలకు ఏదో అర్హత వచ్చిందని రాసేవాళ్లు ఉంటారు. నవ్వకండి. వాళ్లు బద్ధకించి రాసిన జవాబు కాదది. తెలిసిన మాటను డిక్షనరీలో వెతకాలని ఎవరికి తోస్తుంది?

హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన బాటియా లాఫర్ ఈ జబ్బుమీద 1980లలోనే పనిచేశారు. చదివేవాడికి తెలియని మాట ఎదురైతే ఆగుతాడు, ఊహిస్తాడు, అడుగుతాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఆ ఆగడమే ఉండదు. తప్పు అర్థం పట్టుకుని దాని ప్రకారం మిగతా వాక్యాన్ని కూడా వంచేస్తాడు. ఆవిడ చెప్పిన ఈ సంగతి మనకు వర్తించినంతగా ఇంకెవరికైనా వర్తిస్తుందా అని నా సందేహం. ఎందుకంటే మనం పొద్దున లేచింది మొదలు ఇంగ్లిషు మాటలు వాడుతూనే ఉంటాం. అయితే ప్రతి మాటకూ ఒకే ఒక్క అర్థాన్ని తెచ్చుకుని, మిగతావి సరిహద్దులోనే వదిలేశాం. బ్యాంకులో లోను శాంక్షన్ అయిందంటే స్వీట్లు పంచుతాం. అంతర్జాతీయ సంబంధాల పుస్తకంలో ఒక దేశంమీద శాంక్షన్లు పెట్టారంటే అవి ఆంక్షలు, శిక్షలు. ఆసుపత్రిలో పేషెంటు క్రిటికల్ అంటే గుండె జారుతుంది. క్రిటికల్ రీడింగ్ అంటే చదివినదాన్ని గుడ్డిగా నమ్మకుండా గుణదోషాలు తూచి చదవడం. టెన్షన్ మనకు పరీక్షల ముందు వస్తుంది. భౌతికశాస్త్రంలో తీగను లాగినప్పుడు వస్తుంది. అడ్మిట్ చేసేది ఆసుపత్రిలో. పుస్తకంలో రచయిత అడ్మిట్ చేశాడంటే ఎదుటిపక్షం చెప్పింది ఒప్పుకున్నాడని. ఆబ్జెక్టివ్ అంటే మనకు బిట్ పేపరు. పుస్తకంలో అది సొంత ఇష్టాయిష్టాలు కలవని చూపు.

ఇది ఇంగ్లిషుకు మాత్రమే ఉన్న తెగులేమీ కాదు. ఇంట్లో అనుమానం వస్తే కాపురాలు చెడతాయి. తర్కశాస్త్రంలో అనుమానం జ్ఞానానికి దారి, అక్కడది ఒక ప్రమాణం. ఆ ప్రమాణం కూడా బయటికి వస్తే గుళ్లో చేసే ఒట్టు అయిపోతుంది. శాస్త్రం తన మాటల్ని ఊళ్లోంచే తీసుకుంటుంది, తీసుకున్నాక వేరే పనికి పెడుతుంది. తెలుగులో ఆ తేడా మనకు చెవులకు తెలుసు. ఇంగ్లిషులో ఒకరు చూపించాలి.

ఎన్ని మాటలు చూపించాలి? న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ దీన్ని లెక్కకట్టారు. ఆర్ట్స్, కామర్స్, లా, సైన్స్ విభాగాల్లోని 28 సబ్జెక్టుల నుంచి 35 లక్షల మాటల పాఠ్యం పోగుచేసి, అన్ని విభాగాల్లోనూ పదేపదే తగిలే మాటల్ని ఏరారు. రోజువారీ వాడుకలో ఉండే సుమారు 2000 మాటల్ని ముందే పక్కన పెట్టేశారు. చివరికి మిగిలినవి 570 మాటల కుటుంబాలు. కుటుంబమంటే అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్ లాంటివన్నీ కలిపి ఒకటి. 2000లో అచ్చయిన ఈ అకడమిక్ వర్డ్ లిస్ట్ ప్రపంచమంతా తిరిగింది. కాలేజీ పాఠ్యంలో ఆ రోజువారీ మాటలు 76 శాతం దాకా ఉంటే, ఈ 570 కుటుంబాలు ఇంకో 10 శాతం. అంటే 400 మాటల పేజీలో దాదాపు 40. కథలూ నవలల్లో ఈ మాటల వాటా ఎంతో చూస్తే 1.4 శాతమని తేలింది.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లిషు రావడం లేదని పిల్లలు వాపోతే మన పెద్దలు చెప్పే సలహా ఒకటే. కథల పుస్తకాలు చదువు, ఇంగ్లిషు సినిమాలు చూడు. మంచి సలహానే, చెవికి భాష అలవాటవుతుంది. కానీ కాలేజీ పుస్తకంలో అడ్డంపడే మాటలు అక్కడ అరుదుగా తగులుతాయి. డిటెక్టివ్ నవలలు గబగబా చదివేసే కుర్రాడు రాజనీతిశాస్త్రం పేజీ దగ్గర ఆగిపోతే అందులో ఆశ్చర్యం లేదు. సంపాదకీయాలు చదవమని చెప్పే పెద్దలు కొంత దగ్గరకు వచ్చినట్టే. అసలైన చోటు మాత్రం వాడి చేతిలో ఉన్న పాఠ్యపుస్తకమే.

ఆ జాబితా వేదమేమీ కాదు. కెన్ హైలాండ్, పాలీ ట్సే 2007లో దీన్ని గట్టిగానే ప్రశ్నించారు. ఒకే మాట ఒక్కో శాస్త్రంలో ఒక్కో వేషం వేస్తుందనీ, అందరికీ సరిపోయే ఒకే మూట కట్టలేమనీ వాళ్ల వాదన. వాల్యూమ్ అనే మాట తీసుకోండి. కెమిస్ట్రీ వాళ్లకు ఘనపరిమాణం, లైబ్రరీలో సంపుటం, షేర్ మార్కెట్లో లావాదేవీల పరిమాణం. వాళ్లు చెప్పింది నిజమే. జాబితా ఎక్కడ వెతకాలో చెబుతుంది, చదవడమన్నది మాత్రం ఎవరి సబ్జెక్టులో వాళ్లు చేయాలి.

మాటల లెక్క కాస్త ముందుకు తీసుకెళ్తాను. 2000లో పాల్ నేషన్, మార్సెల్లా హూ కలిసి ఒక ప్రయోగం చేశారు. ఒక కథలో కొన్ని మాటలు తీసి వాటి స్థానంలో అర్థంలేని మాటలు పెట్టి చదివించారు. నూటికి 80 మాటలే తెలిసినప్పుడు కథ సరిగా అర్థమైనవాళ్లు ఒక్కరూ లేరు. 90, 95 దగ్గర కొందరికి అర్థమైంది. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే 98 కావాలని తేల్చారు. 98 అంటే 400 మాటల పేజీలో తెలియనివి 8. 95 అంటే 20. 90 అంటే 40. ‘సందర్భాన్నిబట్టి అర్థం చేసుకో’ అని మనం పిల్లలకు తేలిగ్గా చెప్పేస్తాం. పేజీలో 8 మాటలు తెలియకపోతే సందర్భం సాయపడుతుంది. 40 తెలియకపోతే అసలు సందర్భమే ఉండదు.

ఈ మొత్తం ఆలోచన వెల్లింగ్టన్‌లో మొదలవలేదు, దాని ముఖ్యమైన మూలం ఒకటి ఢాకాలో ఉంది. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లిషువాడు ఇండియన్ ఎడ్యుకేషన్ సర్వీసులో చేరి, ఢాకాలోని టీచర్స్ ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపల్‌గా పనిచేశాడు. బెంగాలీ పిల్లలు ఇంగ్లిషు ఎలా చదువుతున్నారో పరీక్షించి 1926లో ‘బైలింగ్వలిజం’ అనే పెద్ద నివేదిక రాశాడు. అందులో ఆయన వాడిన ఒక మాట మన ఎల్‌ఐసీ పాలసీదారులకు వెంటనే అర్థమవుతుంది: సరెండర్ వాల్యూ. చదువు మధ్యలో ఆపేసిన పిల్లవాడికి అప్పటిదాకా నేర్చిన ఇంగ్లిషులోంచి చేతికి దక్కేదెంత అని ఆయన ప్రశ్న. దక్కేది దాదాపు ఏమీ లేదని చూశాడు. మాట్లాడటం నేర్పాలనే తాపత్రయంలో చదవడం రాకుండా పోతోందనీ, బెంగాలీ పిల్లవాడికి అసలు అవసరం ఇంగ్లిషు పుస్తకం చదవగలగడమనీ వాదించాడు. రీడర్లలో అరుదైన పాతకాలపు మాటలు తీసేసి, వాడుక మాటలు పెట్టి, ఒక్కో కొత్త మాటా తర్వాతి పేజీల్లో మళ్లీ మళ్లీ తగిలేలా న్యూ మెథడ్ రీడర్లు తయారు చేశాడు.

1953లో ఆయన సంకలనం చేసిన జనరల్ సర్వీస్ లిస్టులో సుమారు 2000 మాటలున్నాయి. కాక్స్‌హెడ్ పక్కన పెట్టిన రోజువారీ మాటలు ఇవే. ఈ జాబితాలో నాకు బాగా నచ్చేది అందరూ వదిలేసే భాగం. ఒక్కో మాట కింద దాని అర్థాల్లో ఏది ఎంత శాతం వాడుకలో ఉందో అంకెలు వేసి ఉంటాయి. మాటకు అర్థం ఒకటి కాదనీ, ఉన్న అర్థాలన్నీ సమానమూ కాదనీ ఆ అంకెలు చూపిస్తాయి. ఇంత చేసినా వెస్ట్‌ను మనం పట్టించుకోలేదు. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వచ్చాక, అదే నేటి ఇఫ్లూ, బోధనాశాస్త్రంలో ఆయన పేరు వినిపించింది గానీ, కాలేజీ తరగతి గదిదాకా ఆ గాలి పెద్దగా రాలేదు.

తరగతి గదిలోకి వచ్చింది వేరే సరుకు. అమెరికా వెళ్లాలనుకున్న మన పిల్లల చేతుల్లో ఒకప్పుడు బ్యారన్స్ పుస్తకం ఉండేది. జీఆర్‌ఈ కోసం 3500 మాటలు, 50 జాబితాలు. హైదరాబాద్ కోచింగ్ సెంటర్లలో దాన్ని అమరకోశంలా బట్టీ కొట్టించారు. 2011 ఆగస్టులో జీఆర్‌ఈ నుంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు, పోలికల ప్రశ్నలు తీసేశారు. అప్పటినుంచి పరీక్ష మాటకన్నా వాక్యాన్నే ఎక్కువగా పట్టుకుంది. అయినా ఆ బట్టీ ముద్ర పోలేదు. అడ్వాన్స్‌డ్ వొకాబులరీ అంటే ఎవరూ వినని మాట తెలియడం అనే నమ్మకం అలాగే ఉండిపోయింది. ‘అబ్‌స్ట్రూస్’ అనే మాటకు అర్థం టక్కున చెప్పగలిగి, ‘సబ్జెక్ట్ టు’ అనే రెండు చిన్న మాటలు ఒక చట్టం నిబంధనలో ఏం చేస్తున్నాయో చెప్పలేనివాళ్లను చూస్తూనే ఉన్నాం. లా చదివే పిల్లలు రేపు ఆ రెండు మాటల దగ్గరే కేసులు ఓడిపోవచ్చు.

నార్మన్ లూయిస్ 1949లో రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ సంగతి కొంచెం వేరు. రైల్వే స్టేషన్ బండిమీద ఇప్పటికీ దొరికే ఆ పుస్తకం గ్రీకు, లాటిన్ ధాతువుల్ని పట్టుకుని మాటల్ని గుంపులుగా నేర్పుతుంది. ఈ పద్ధతి మనకు సహజంగా కుదురుతుంది. ఇంగ్లిషు శాస్త్రపదాల్లో ఎక్కువ భాగం గ్రీకు, లాటిన్ సంపద. మన శాస్త్రపదాలు తత్సమాలు. తెలుగు మీడియంలో పది చదివిన పిల్లకు అభికేంద్ర బలం, అపకేంద్ర బలం తెలుసు. ఒకటి కేంద్రం వైపు, ఒకటి కేంద్రం నుంచి బయటికి. సెంట్రిపెటల్, సెంట్రిఫ్యూగల్ అచ్చంగా అదే కట్టడం, వెతుక్కుంటూ వచ్చేది ఒకటి, పారిపోయేది ఒకటి. ఉష్ణమోచకం, ఉష్ణగ్రాహకం తెలిసినవాడికి ఎగ్జోథర్మిక్, ఎండోథర్మిక్ పరాయివి కావు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఖాళీ చేతులతో వచ్చారనే మాట నేను ఒప్పుకోను. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పటినుంచి పుస్తకాల్లో పేరుకున్న ఈ పరిభాష వాళ్ల చేతిలో ఉన్న ఆస్తి. ఆంధ్రప్రదేశ్‌లో బడి పుస్తకాలను ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుగా కూడా అచ్చువేశారు. దాన్ని ఇంగ్లిషు రానివాడికిచ్చే ఊతకర్రగా చూడటం మానేసి, మాటలు నేర్చుకునే సాధనంగా వాడితే ఎంతో దొరుకుతుంది.

అయితే ధాతువును ఎక్కడిదాకా నమ్మాలి? లాటిన్‌లో ‘ఫెర్’ అంటే మోయడం, తీసుకుపోవడం. ట్రాన్స్‌ఫర్, రిఫర్, డిఫర్, ఇన్‌ఫర్, కన్ఫర్ అన్నీ అందులోంచి వచ్చినవే. సంస్కృతంలో ‘హృ’ ధాతువుకు కూడా తీసుకుపోవడమే అర్థం. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ఉపసంహారం అన్నీ ఆ ఇంటివే. హృ ధాతువు తెలిసినంతమాత్రాన ఆహారం తినేదని, సంహారం చంపడమని ఎవరైనా కనిపెట్టగలరా? ఇన్‌ఫర్ కూడా అంతే. మాట అర్థం తెలిశాక గుర్తుపెట్టుకోవడానికి ధాతువు గొప్ప సాయం. తెలియని మాటను ఊహించడానికి నమ్మదగిన సాక్షి కాదు. నార్మన్ లూయిస్ అభిమానులు ఈ తేడా మరిచిపోతారు.

డిక్షనరీ గురించీ ఒక మాట. మన ఇళ్లలో శంకరనారాయణ నిఘంటువు పూజగదిలో పుస్తకంలా ఉండేది. ఒక ఇంగ్లిషు మాటకు వరసగా తెలుగు మాటలిస్తుంది. పిల్లలు మొదటిది తీసుకుని పని కానిస్తారు. క్వాలిఫై లాంటి మాట దగ్గర దెబ్బతినేది ఇలాగే. పరభాషగా ఇంగ్లిషు నేర్చుకునేవాళ్ల కోసం ఏ.ఎస్. హార్న్‌బీ 1942లో టోక్యోలో తెచ్చిన నిఘంటువును 1948లో ఆక్స్‌ఫర్డ్ మళ్లీ అచ్చువేసింది, తర్వాత అదే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్‌గా పేరుపడింది. అందులో మాట ఏ వాక్యంలో ఎలా నడుస్తుందో ఉంటుంది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2000 మాటలతోనే అర్థాలన్నీ చెబుతుంది, అక్కడా వెస్ట్ చెయ్యే ఉంది. ఇప్పుడు ఇవన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. ఫోన్లో వెతికినవాడు చేయాల్సిన పని ఒక్కటే. మొదటి అర్థం దగ్గర ఆగకుండా కిందికి దిగి, తన పుస్తకంలోని వాక్యానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ వాక్యాన్ని పట్టుకోవడం.

ఇక గుర్తుండటం. 2008లో సైన్స్ పత్రికలో కార్పికీ, రోడిగర్ ఒక ప్రయోగం ప్రచురించారు. అమెరికన్ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిషు అర్థాలు నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పగలిగిన మాటను కొందరు మళ్లీ చదువుతూ పోయారు, కొందరు అర్థం చూడకుండా మళ్లీ మళ్లీ గుర్తుచేసుకుంటూ పోయారు. వారం తర్వాత చూస్తే, గుర్తుచేసుకున్నవాళ్లకు 80 శాతం గుర్తున్నాయి. చదువుతూ పోయినవాళ్లకు మూడోవంతుకు కాస్త అటూఇటుగా. నాకు ముచ్చట గొలిపిన సంగతి ఇంకొకటుంది. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయని ముందే అడిగితే అన్ని గుంపులవాళ్లూ ఇంచుమించు సగమని ఒకే జవాబు చెప్పారు. ఏ పద్ధతి పనిచేస్తోందో నేర్చుకునేవాడికి లోపలినుంచి తెలియదన్నమాట. రంగురంగుల హైలైటర్లతో పేజీని పసుపుకుంకాలతో నింపే అమ్మాయిలూ అబ్బాయిలూ ఈ ప్రయోగం గుర్తుంచుకోండి. పేజీ మూసి, ఆ మాట ఏ వాక్యంలో వచ్చిందో ఆ వాక్యంతో సహా చెప్పుకోండి. రెండు రోజులాగి మళ్లీ చెప్పుకోండి.

మాస్టారు చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పాలి, ఇది పొగడ్త కిందికి రాదు. ఆయన ఇంగ్లిషు క్లాసులోకి ఫిజిక్స్ పుస్తకం తెచ్చుకునేవారు. బి.ఎస్సీ. వాళ్లయితే ఫిజిక్స్, బి.కామ్. వాళ్లయితే ఆడిటింగ్. ఒక్క పేరా. అందులో ఒక్క పరిభాషా పదం కూడా ముట్టుకునేవారు కాదు. వేర్‌యాజ్, అజ్యూమ్, నెగ్లిజిబుల్, రెస్పెక్టివ్‌లీ, ఇలాంటివి పట్టుకుని ఒక్కొక్కటీ విప్పించేవారు. ‘అజ్యూమింగ్ ఫ్రిక్షన్ టు బి నెగ్లిజిబుల్’ అనే చోట, ఘర్షణ లేదని పుస్తకం చెబుతోందా, లేదనుకుందాం అంటోందా అని అడిగి క్లాసంతా కొట్లాడుకునేదాకా వదిలేవారు. తమ సబ్జెక్టులో వేలు పెడుతున్నాడని కొందరు సహాధ్యాపకులు విసుక్కున్నారు కూడా. నా దృష్టిలో ఆయన చేసింది ఎవరి పనీ కాకుండా పోయిన పని. ఫిజిక్స్ లెక్చరర్ అది ఇంగ్లిషు వాళ్ల పని అనుకుంటారు. ఇంగ్లిషు లెక్చరర్‌కు సిలబస్‌లో పద్యమూ వ్యాసమూ ఉంటాయి. ఈ మధ్యరకం మాటలు ఇద్దరి చేతుల్లోంచీ జారిపోతాయి.

చివరిగా, ఈ కాలేజీకి నేను చేసే సూచన చిన్నది. ప్రశ్నపత్రాలతో మొదలుపెట్టండి. మన ప్రశ్నల్లో ఏం చేయాలో చెప్పే మాటలు పట్టుమని ఇరవై ఉండవు. ఎగ్జామిన్, ఇల్లస్ట్రేట్, ఎవాల్యుయేట్, జస్టిఫై, అకౌంట్ ఫర్, డిస్టింగ్విష్, టు వాట్ ఎక్స్‌టెంట్. అకౌంట్ ఫర్ అంటే కారణాలు చెప్పమని. విజయనగర సామ్రాజ్య పతనానికి కారణాలు అడిగితే పిల్లలు తళ్లికోట యుద్ధం కథంతా రాస్తారు, మార్కులు పోతాయి, చరిత్ర రాలేదని మనమూ వాళ్లూ అనుకుంటాం. టు వాట్ ఎక్స్‌టెంట్ అన్న ప్రశ్నకు అవుననో కాదనో రాసి, ఎంతవరకు అన్నది వదిలేస్తారు. గత ఐదారేళ్ల ప్రశ్నపత్రాలు ఇక్కడి ఆఫీసు బీరువాలోనే ఉంటాయి. ప్రతి విభాగం నుంచి ఒకరు, ఇంగ్లిషు విభాగం నుంచి ఒకరు కూర్చుని ఆ మాటలు ఏరండి. ఒక్కోదానికీ మంచి జవాబు ఒకటి, దారితప్పిన జవాబు ఒకటి పక్కపక్కన పెట్టి మొదటి ఏడాది పిల్లలకు తరగతులు మొదలైన నెలలోనే చూపించండి. నిధులు అక్కర్లేదు, జిరాక్సు ఖర్చు చాలు. అది అయ్యాక పాఠ్యపుస్తకాల జోలికి వెళ్లొచ్చు. ప్రతి సబ్జెక్టు నుంచి మొదటి యూనిట్ తీసుకుని, పరిభాషను వదిలేసి, మిగిలిన వాటిలో పిల్లలు తెలుసనుకుని పొరబడే మాటలేవో గుర్తించాలి. ఆ జాబితా మీరో నేనో ఇంట్లో కూర్చుని రాస్తే తప్పుతుంది. వాక్యాలిచ్చి తెలుగులో అర్థం రాయమని పిల్లల్నే అడగండి, వాళ్ల జవాబుల్లోంచి అదే బయటపడుతుంది.